బొట్టుబిళ్ల కాదు... పచ్చబొట్టు కావాలి!

ఆధార్‌, పాన్‌, పదో తరగతి మెమో, ఇంటి దస్తావేజు... అన్నీ ఫోన్లోకి చేరిపోయాయి. ఎవరు అడిగినా వాట్సప్‌లో పంపేయడం క్షణం పని. పంపిన కాపీ ఆ తర్వాత ఎన్ని చేతులు మారుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అలాంటి కాపీకి కాపలా కాసేదే వాటర్‌మార్క్‌. అయితే గోటితో గీరితే ఊడొచ్చే గుర్తు పెట్టి, ఇక భయం లేదనుకుంటేనే అసలు చిక్కు!

ఇల్లు అద్దెకు కావాలా? ఆధార్‌ కాపీ. ఊరెళ్లి లాడ్జిలో దిగారా? అక్కడా అదే. ఇక అప్పు ఇప్పిస్తానన్న ఏజెంటుకైతే ఆధార్‌తోపాటు పాన్‌ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం స్లిప్పు కూడా సమర్పించుకోవాలి. ఇంతకుముందు ఇవన్నీ జిరాక్సు కాగితాలు. ఒకటిస్తే ఒకటే వెళ్లేది. దాన్ని మళ్లీ మళ్లీ జిరాక్సు తీస్తే అక్షరాలు మసకబారేవి. ఫోన్లో పంపే ఫైలుకి ఆ ఇబ్బంది లేదు. ఒక్క కాపీ నూరు కాపీలు కావడానికి అర నిమిషం చాలు. నూరో కాపీ కూడా మొదటిదంత తేటగా ఉంటుంది.

అందుకే కాస్త తెలిసినవాళ్లు పత్రం మీద అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని రాసి పంపుతున్నారు. పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే మాస్టారు తన నోట్సు ప్రతి పేజీ మీదా పేరు వేసుకుంటున్నారు. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోవాళ్లు మూలన ముద్ర కొడుతున్నారు. మంచి అలవాటే. కానీ వీటిలో చాలా గుర్తులది బొట్టుబిళ్ల బతుకు. ఇలా పెట్టొచ్చు, అలా తీసేయొచ్చు. కావాల్సింది పచ్చబొట్టు. దాన్ని తీయాలంటే చర్మమే గాయపడాలి. పత్రానికీ సూత్రం అదే... గుర్తు తీయబోతే పత్రమే పాడవ్వాలి!

కాగితం నేర్పిన పాఠం

ఐదొందల నోటుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెల్లగా ఉన్నచోట గాంధీ తాత బొమ్మ కనిపిస్తుంది. అది సిరాతో అచ్చువేసింది కాదు. కాగితాన్ని తయారుచేసేటప్పుడే, గుజ్జు తడిగా ఉండగానే, కొన్నిచోట్ల పలచగా కొన్నిచోట్ల మందంగా వచ్చేలా చేస్తారు. పలచని చోట వెలుతురు ఎక్కువగా దిగుతుంది, మందమైన చోట తక్కువగా దిగుతుంది. ఆ వెలుగునీడలే బొమ్మ. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలోని ఫాబ్రియానో పట్టణంలో కాగితాలు చేసేవాళ్లు ఈ పద్ధతికి శ్రీకారం చుట్టారు. ఎవరి సరుకు ఎవరిదో తెలియడానికి మొదలైన గుర్తు, పోనుపోను దొంగ నోట్లకూ దొంగ పత్రాలకూ అడ్డుకట్ట అయింది.

దాని గొప్పతనమంతా ఒక్క విషయంలోనే ఉంది. గుర్తు కాగితం మీద లేదు, కాగితంలో ఉంది. చెరిపితే పోదు, కడిగితే పోదు. తీయాలంటే నోటు చింపాల్సిందే.

కంప్యూటర్లు వచ్చాక ‘వాటర్‌మార్క్‌’ అన్న పేరైతే తెచ్చుకున్నాయి గానీ, అన్నిచోట్లా ఆ గుణం తెచ్చుకోలేదు.

పెట్టిన చోటే తీసే బటన్‌

ఆఫీసుల్లో ఎక్కువమంది వాడే వర్డ్‌నే తీసుకుందాం. ‘కాన్ఫిడెన్షియల్‌’ అనో ‘డ్రాఫ్ట్‌’ అనో పేజీ నిండా ఏటవాలుగా లేతరంగు అక్షరాలు వేసే సదుపాయం అందులో ఉంది. చూడ్డానికి గంభీరంగానే ఉంటుంది. కానీ వర్డ్‌ ఆ అక్షరాలను పేజీ పైభాగంలో ఉండే హెడర్‌కి కట్టి ఉంచుతుంది. అక్కడ మౌస్‌తో రెండుసార్లు నొక్కి, అక్షరాల్ని పట్టుకుని, డిలీట్‌ కొడితే అన్ని పేజీల్లోనూ మాయం! అంత శ్రమ కూడా అక్కర్లేదనుకుంటే వాటర్‌మార్క్‌ పెట్టే మెనూలోనే తీసేసే బటన్‌ కూడా సిద్ధంగా ఉంటుంది.

పీడీఎఫ్‌ చేస్తే గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. పీడీఎఫ్‌ అంటే గాజు పలకల్ని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. ఒక పలక మీద అక్షరాలు, ఇంకోదాని మీద బొమ్మలు, మరోదాని మీద వాటర్‌మార్క్‌. పైనుంచి చూస్తే అంతా ఒకటే అనిపిస్తుంది. తెలిసినవాడు మాత్రం వాటర్‌మార్క్‌ ఉన్న పలకని మెల్లగా పక్కకి లాగేస్తాడు. కింద అక్షరాలకి చిన్న గీత కూడా పడదు.

మరి పాస్‌వర్డ్‌ పెడితే? పీడీఎఫ్‌కి రెండు రకాల పాస్‌వర్డులుంటాయి. మొదటిది ఫైలు తెరవడానికి. ఇది నిజమైన తాళం. పాస్‌వర్డ్‌ బలంగా ఉంటే ఫైలు తెరుచుకోదు. రెండోది ‘తెరవొచ్చు కానీ మార్చకూడదు, ప్రింటు తీయకూడదు’ అని చెప్పేది. ఇది తాళం కాదు, ఒట్టు పెట్టించుకోవడం లాంటిది. మాట మీద నిలబడే సాఫ్ట్‌వేర్లు దాన్ని పాటిస్తాయి. నిలబడనివీ ఉన్నాయి. కాబట్టి ఒక్క రెండో పాస్‌వర్డ్‌నే నమ్ముకుంటే వాటర్‌మార్క్‌ నిలవదు.

పైన అతికించిన దాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2019 జనవరిలో అమెరికాలో ఒక కోర్టు కేసు చూపించింది. డొనాల్డ్‌ ట్రంప్‌ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథ్యం వహించిన పాల్‌ మానఫర్ట్‌ తరఫు లాయర్లు కోర్టుకి ఒక పత్రం ఇచ్చారు. అందులో బయటికి రాకూడని వాక్యాల మీద నల్లపట్టీలు వేశారు. ఆ భాగాన్ని కాపీ చేసి వేరేచోట పేస్ట్‌ చేస్తే పట్టీ కిందున్న అక్షరాలన్నీ పొల్లుపోకుండా వచ్చేశాయి! అక్షరాల్ని తొలగించకుండా పైన కేవలం పలక కప్పారన్నమాట. నల్లపట్టీ అయినా వాటర్‌మార్క్‌ అయినా కథ ఒకటే.

అతుక్కుపోవాలంటే...

దీనికి విరుగుడు ఉంది. పలకలన్నీ కరిగించి ఒకే ముద్ద చేసేయడమే. అంటే వాటర్‌మార్క్‌ వేశాక పేజీ మొత్తాన్ని ఒకే ఫొటోగా మార్చి, ఆ ఫొటోనే పీడీఎఫ్‌ చేయడం. అప్పుడు అక్షరం వేరు, గుర్తు వేరు అంటూ ఉండదు. అన్నీ రంగు చుక్కలే. లాగేయడానికి పలకంటూ మిగలదు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ కూడా అక్కర్లేదు. జిరాక్సు కాపీ మీద పెన్నుతో అడ్డంగా రాసి, సంతకం పెట్టి, స్కాన్‌ చేసినా జరిగేది ఇదే. పెద్దవాళ్లు ఏనాటినుంచో చేస్తున్న పని!

అయితే అతికిస్తే సరిపోదు, ఎక్కడ అతికించామన్నదీ ముఖ్యమే. మూలన చిన్నగా పెడితే ఆ మూలని కత్తిరిస్తారు. తెల్లటి ఖాళీ జాగాలో పెడితే తెల్లరంగు పూస్తారు. అదే గుర్తు ఫొటో అంచుమీదుగా, పేరు మీదుగా, చిరునామా మీదుగా పల్చగా సాగిందనుకోండి... దాన్ని చెరపబోయినవాడు పేరునీ చిరునామానీ కూడా చెరపాల్సివస్తుంది.

ఒకే రకం గుర్తు పదేపదే వాడటం కూడా ప్రమాదమే. 2017లో గూగుల్‌ పరిశోధకులు ఇదే నిరూపించారు. ఒక సంస్థ తన ఫొటోలన్నిటిమీదా ఒకే వాటర్‌మార్క్‌ని ఒకే తీరుగా వేస్తే, ఆ ఫొటోలు కొన్ని పోగేసి చూసిన కంప్యూటరు ‘అన్నిట్లో మారకుండా ఉన్నదే వాటర్‌మార్క్‌’ అని కనిపెట్టేస్తుంది. ఆపైన అన్నిట్లోంచీ దాన్ని తీసేస్తుంది. దొంగని పట్టడానికి పెట్టిన ముద్రే దొంగకి ఆనవాలైంది! మరి ఉపాయం? దాన్నీ వాళ్లే చెప్పారు. ప్రతి ఫొటోలోనూ గుర్తు కాస్త వంకర తిరిగేలా చేస్తే కంప్యూటరుకి పని కష్టమవుతుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి పోటీని మరో మెట్టు ఎక్కించింది. 2025 మార్చిలో గూగుల్‌ జెమిని మోడల్‌ ఒకటి ఫొటోల మీది వాటర్‌మార్కులను తుడిచేస్తోందని వాడినవాళ్లే బయటపెట్టారు. ఇలాంటివి గుర్తుని చెరిపి, ఆ ఖాళీలో ఏముండాలో ఊహించి నింపుతాయి. ఆకాశమో గడ్డో అయితే ఊహ చక్కగా అతుకుతుంది. పత్రం దగ్గరికొచ్చేసరికి ఆ ఊహే వాటి బలహీనత. గీత కింద నలిగిన అంకె 3 అయినా 8 అయినా చూడ్డానికి బాగానే ఉంటుంది, నిజంగా ఏదో యంత్రానికి తెలియదు. ముఖ్యమైన వివరాల మీదుగా గుర్తు పెట్టాలనడానికి ఇది మరో కారణం. అలాగని ఏ గుర్తూ ఎప్పటికీ చెదరదని చెప్పలేం. తీయడానికి పట్టే శ్రమ, తీసినందువల్ల వచ్చే లాభం కంటే ఎక్కువగా ఉంటే చాలు. దొంగ వేరే ఇల్లు చూసుకుంటాడు.

ఎవరికిస్తే వాళ్ల పేరు

చెక్కు మీద ఎడమ మూలన రెండు గీతలు గీసి ‘అకౌంట్‌ పేయీ’ అని రాస్తాం. ఆ రెండు గీతలు చెక్కుని దాచవు, తాళం వేయవు. ‘ఇది ఫలానావాళ్ల ఖాతాలోకి తప్ప పోకూడదు’ అని చెబుతాయంతే. పత్రానికి వాటర్‌మార్క్‌ చేసే అసలు సాయమూ అదే. ‘ఒరిజినల్‌’, ‘కాపీ’ లాంటి మాటలు రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చామో రాస్తే ఆ కాపీ వేరేచోట తేలినప్పుడు అదే సాక్ష్యం. అద్దె ఇంటికోసం ఇచ్చిన కాగితం అప్పు దరఖాస్తుకి జతపడి కనిపిస్తే, బ్యాంకు మేనేజరుకీ అనుమానం రావాలి కదా!

ఈ సూత్రం పరీక్ష హాళ్లకీ చేరింది. 2023 ఏప్రిల్‌ 3న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజే, వికారాబాద్‌ జిల్లా తాండూరులో తెలుగు ప్రశ్నపత్రం ఫొటో పరీక్ష ఆరంభమైన కొద్ది నిమిషాలకే వాట్సప్‌కి ఎక్కింది. అందరి చేతిలోనూ ఒకేలాంటి కాగితం ఉంటే, ఫొటో చూసి అది ఎవరి కాగితమో చెప్పడం ఎలా? 2025 మార్చి పరీక్షలకు ప్రశ్నపత్రాల మీద క్యూఆర్‌ కోడ్‌, సీరియల్‌ నంబరు ముద్రించారు. ఫొటో బయటికొస్తే అది ఏ కాగితానిదో ఆ నంబరే చెబుతుంది. ఫొటో తీయకుండా అది చెయ్యి పట్టుకుని ఆపదు. తీసేవాడి చెయ్యి వణికేలా చేస్తుంది.

సినిమావాళ్లు ఇందులో మరింత ముందున్నారు. ఆస్కార్‌ ఓటర్లకు ఇంటిదగ్గర చూసుకోమని పంపే సినిమా కాపీల్లో ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు పెట్టారు. బయట దొరికిన దొంగ కాపీల్లోని గుర్తులు కార్మైన్‌ కారిడి అనే నటుడి దగ్గరికి దారి చూపాయి. 2004లో అకాడమీ ఆయన సభ్యత్వాన్నే రద్దు చేసింది. ఇప్పటి డిజిటల్‌ థియేటర్ల ప్రొజెక్టర్ల వ్యవస్థకూ ఇలాంటి నిబంధనే ఉంది. హాలీవుడ్‌ స్టూడియోలు కలిసి రాసుకున్న ప్రమాణాల ప్రకారం ప్రతి ఐదు నిమిషాల సినిమాలోనూ 35 బిట్ల రహస్య సమాచారం దాగి ఉండాలి. అందులో 16 బిట్లు సమయానికి, 19 బిట్లు ఏ థియేటర్‌, ఏ యంత్రం అన్నదానికి. ప్రేక్షకుడి కంటికి ఏమీ కనపడదు. కెమెరాతో దొంగచాటుగా తీసిన ముక్కని పరిశీలిస్తే మాత్రం ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో బయటపడుతుంది.

కనపడని కాపలా

కంటికి ఆనకుండా గుర్తు పెట్టడం పత్రాల్లోనూ సాధ్యమే. 1990ల మధ్యలో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌ పరిశోధకులు ఒక చిట్కా కనిపెట్టారు. పేజీలోని కొన్ని వరుసల్ని అంగుళంలో 300వ వంతు పైకో కిందికో జరిపారు. చదివేవాళ్లకి తేడాయే తెలియదు. కొలిచే కంప్యూటరుకి తెలుస్తుంది. ఏ వరుస పైకి, ఏ వరుస కిందికి అన్న లెక్క ఒక్కో కాపీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, బయటపడ్డ కాపీ ఎవరికి ఇచ్చిందో పట్టేయొచ్చు. జిరాక్సు తీసినా ఆ గుర్తు పోదు. మొత్తం మళ్లీ టైపు చేసుకుంటే మాత్రం పోతుంది.

ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే కొన్ని కలర్‌ లేజర్‌ ప్రింటర్లూ చడీచప్పుడు లేకుండా ఇలాంటి పనే చేస్తుంటాయి. కాగితం మీద అతి చిన్న పసుపు చుక్కల్ని వేస్తాయి. అమెరికాలోని ఎలక్ట్రానిక్‌ ఫ్రాంటియర్‌ ఫౌండేషన్‌ 2005లో జిరాక్స్‌ కంపెనీ ప్రింటర్‌ ఒకదాని చుక్కల గుట్టు విప్పింది. ప్రింటు తీసిన తేదీ, సమయం, ఆ ప్రింటర్‌ నంబరు అందులో ఉన్నాయి. 2017లో అమెరికా జాతీయ భద్రతా సంస్థ రహస్య నివేదిక ఒకటి బయటపడినప్పుడు, దాని స్కాన్‌ కాపీలోని చుక్కల్ని బట్టి అది 2017 మే 9న ప్రింటు తీసిందని బయటి నిపుణులు చెప్పగలిగారు. అయితే ఆ నివేదికను బయటికి పంపిన ఉద్యోగిని రియాలిటీ విన్నర్‌ దొరికిపోవడానికి దారి చూపింది మరొకటి. ఆ పత్రాన్ని ఎవరెవరు ప్రింటు తీశారో ఆఫీసు కంప్యూటర్లలో రికార్డు ఉంది. మొత్తం ఆరుగురు. అంటే గుర్తుతోపాటు పద్దు కూడా ఉండాలన్నమాట.

ఫొటోల్లో గుర్తు దాచడానికి మొదట్లో ఒక సులువు పద్ధతి వాడేవారు. ప్రతి రంగు చుక్కకీ 0 నుంచి 255 దాకా ఒక విలువ ఉంటుంది. 200ని 201 చేస్తే కంటికేం తేడా ఉంటుంది? అలా చిన్నచిన్న మార్పులతో సమాచారం దాచేవారు. కానీ ఫైలు సైజు తగ్గించేటప్పుడు కంప్యూటరు మొదట పారేసేది సరిగ్గా ఇలాంటి చిల్లర తేడాలనే. వాట్సప్‌లో ఒక్కసారి పంపితే చాలు, గుర్తు గల్లంతు. 1997లో ఇంగెమార్‌ కాక్స్‌, ఆయన సహచరులు దీన్ని తలకిందులు చేశారు. ఎవరూ పట్టించుకోని చోట కాదు, బొమ్మకి ప్రాణమైన చోటే గుర్తుని పల్చగా పరిచి దాచాలన్నారు. అప్పుడు గుర్తుని పోగొట్టాలంటే బొమ్మనే పోగొట్టుకోవాలి. కాగితం తయారుచేసేవాళ్లు గుజ్జులో చేసిందే ఇక్కడ లెక్కల్లో జరిగింది.

ఇది చేయలేని పనీ ఉంది

ఇంత చెప్పుకున్నాక ఒక సంగతి మరిచిపోకూడదు. వాటర్‌మార్క్‌ కాపలాదారే గానీ పరదా కాదు. పత్రంలో ఉన్నదాన్ని అది దాచదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌ కార్డుల వ్యాపారం చేసే ఒకతను, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసుకుని, వాటికి అచ్చులు చేసి, ఇతరుల పేరుమీద సిమ్‌లు యాక్టివేట్‌ చేశాడని పోలీసులు వెల్లడించారు. ఆ పేజీల మీద ఎంత పెద్ద వాటర్‌మార్క్‌ ఉన్నా, వేలిముద్ర స్పష్టంగా కనిపిస్తున్నంతసేపూ ప్రమాదం ప్రమాదమే. అక్కర్లేని వివరాన్ని ముందు తీసేయాలి. మిగిలినదానికే వాటర్‌మార్క్‌.

ఆధార్‌కి ఆ వీలు ఉంది. మాస్క్‌డ్‌ ఆధార్‌ డౌన్‌లోడ్‌ చేసుకుంటే 12 అంకెల్లో మొదటి 8 కనపడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. 2022 మే 27న ఆధార్‌ సంస్థ బెంగళూరు కార్యాలయం ‘ఎవరికి పడితే వాళ్లకి ఆధార్‌ నకళ్లు ఇవ్వకండి, మాస్క్‌డ్‌ ఆధార్‌ వాడండి’ అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడటంతో రెండు రోజులకే, మే 29న, కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. మామూలు జాగ్రత్త పాటిస్తే చాలంది. ప్రకటన పోయినా మాస్క్‌డ్‌ ఆధార్‌ సదుపాయం పోలేదు.

ఇంకో మెలిక... డౌన్‌లోడ్‌ చేసిన ఈ-ఆధార్‌ పీడీఎఫ్‌లో డిజిటల్‌ సంతకం ఉంటుంది. ఆ ఫైలులో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. దాన్ని ఫొటోగా మార్చి వాటర్‌మార్క్‌ వేస్తే సంతకం ఊడినట్టే. అవతలివాళ్లు కంప్యూటర్లో సరిచూసుకోవాల్సిన పని అయితే అసలు ఫైలే ఇవ్వాలి, లేదా డిజిలాకర్‌ ద్వారా పంపాలి. ‘చూపించడానికి ఒక కాపీ చాలు’ అన్నచోటే వాటర్‌మార్క్‌ కాపీ ఇవ్వాలి. సంతకం పత్రం అసలుదని చెబుతుంది. వాటర్‌మార్క్‌ ఎవరికి ఇచ్చిందో చెబుతుంది. రెండూ వేర్వేరు పనులు.

సొంతంగా రాసుకున్న నోట్సు, పుస్తకం, తీసిన ఫొటోల విషయంలో చట్టం కూడా కొంత తోడుంటుంది. 2012లో కాపీరైట్‌ చట్టానికి చేర్చిన 65బి సెక్షన్‌ ప్రకారం, రచన మీద ఉన్న హక్కుల సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి.

పంపే ముందు ఇవి చూసుకోండి

* అడిగిన పత్రమే ఇవ్వండి. ఆధార్‌ అడిగితే పాన్‌ కూడా కలిపి పంపే అలవాటు వద్దు. కుదిరినచోట మాస్క్‌డ్‌ ఆధార్‌ చాలు.

* ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన... ఈ మూడూ వాటర్‌మార్క్‌లో ఉండాలి. ఒకరికి వేసిన కాపీని ఇంకొకరికి పంపొద్దు.

* అక్షరాలు పల్చగా, ఏటవాలుగా, పేరు, చిరునామాల మీదుగా సాగాలి. కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. క్యూఆర్‌ కోడ్‌ని మాత్రం వదిలేయండి, లేకపోతే స్కాన్‌ కాదు.

* వాటర్‌మార్క్‌ వేశాక పేజీని ఫొటోగా మార్చి, తర్వాతే పీడీఎఫ్‌ చేయండి. కంప్యూటర్‌ రాకపోతే జిరాక్సు మీద పెన్నుతో రాసి స్కాన్‌ చేసినా సరే.

* ‘వాటర్‌మార్క్‌ ఉచితంగా వేసిపెడతాం’ అనే ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో ఆధార్‌ ఎక్కించకండి. కాపలా పెట్టడానికి వెళ్లి తాళంచెవి ఇచ్చి వచ్చినట్టవుతుంది.

* నెట్‌ సెంటర్‌లో స్కాన్‌ చేయిస్తే, పని అయ్యాక అక్కడి కంప్యూటర్లోంచి ఫైలు తీసేయించండి. రీసైకిల్‌ బిన్‌ కూడా ఖాళీ చేయమనండి.

* ఏ పత్రం, ఎవరికి, ఎప్పుడు పంపారో ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు ఆ కాపీ ఎక్కడైనా తేలితే, దానిమీది గుర్తునీ ఈ పద్దునీ కలిపి చూపిస్తే ఎవరి దగ్గర జారిందో తేలిపోతుంది.